రెండో కుర్చీ

హాస్పిటల్లో ఆమెని అందరూ ఊదక్క అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎవరి నోటా వినపడదు. ఆయాసంతో వచ్చినవాళ్ళ చేత గొట్టంలోకి ఊపిరి ఊదించి, అది ఆస్తమానో కాదో తేల్చే గ్రాఫు తీయడం ఆమె పని. పన్నెండేళ్ళుగా అదే పని. పనికి తగ్గ గొంతు కూడా ఉంది. తలుపు మూసినా "ఊదండి ఊదండి ఊదండి, ఇంకా, ఇంకా, ఆపకండి" అన్న కేక ఆ అంతస్తంతా వినిపిస్తుంది. తన పేషెంట్లకి వేరే వినికిడి పరీక్ష పెట్టక్కర్లేదని పక్క గది చెవుల డాక్టరు హాస్యమాడుతుంటాడు.

ఊదించే ముందు ప్రతివాళ్ళకీ ఒకటే పాఠం అప్పజెబుతుంది. "కాస్త కళ్ళు తిరుగుతాయి. దగ్గు వస్తుంది. మందు పీల్చాక చేతులు వణుకుతాయి, గుండె దడదడమంటుంది. కంగారు పడకండి, అది జబ్బు కాదు, పరీక్ష వల్లే. రెండు నిమిషాలు కూర్చుంటే పోతుంది. గబుక్కున లేవకండి."

రోజుకి పదిహేనుసార్లు ఈ మాట చెప్పే మనిషికి, తన కళ్ళే తిరగడం మొదలైతే ఏం చేయాలో తోచలేదు.

మూడు నెలల క్రితం తోటి టెక్నీషియన్ కాన్పుకని సెలవు పెట్టింది. ఆ అమ్మాయి పేషెంట్లు కూడా ఊదక్క నెత్తినే పడ్డారు. ఇద్దరూ వంతులేసుకుని కూర్చునే కుర్చీని మాత్రం, ఖాళీగానే ఉందిగా అని, కౌంటర్ వాళ్ళు పట్టుకుపోయారు. మిగిలిన కుర్చీ పేషెంటుది. ఊదక్క పొద్దున్నించి సాయంత్రం దాకా నిలబడే ఉంటుంది. నిలబడితే గొంతు బాగా లేస్తుందని సరిపెట్టుకుంది కూడా.

పొద్దున్నే బాగానే ఉంటుంది. పదిన్నర దాటేసరికి పెదాల చుట్టూ చీమలు పాకినట్టుంటుంది. వేళ్ళ కొసలు తిమ్మిరెక్కుతాయి. ఆ తర్వాత కళ్ళ ముందు నల్ల చుక్కలు. బల్ల అంచు పట్టుకుని నిలబడితే కాసేపటికి తగ్గుతుంది. ఇంకో పేషెంటు వస్తాడు, మళ్ళీ చుక్కలు. ఆదివారం మాత్రం ఏమీ ఉండదు. అదే ఆమెకి మరీ అయోమయంగా ఉంది. వారానికో రోజు సెలవు తీసుకునే జబ్బు ఎక్కడైనా ఉంటుందా?

భర్తకి చెప్పింది. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఆయన లెక్కలో లోకంలో ఉన్నవి రెండే రోగాలు, వైరు లూజవడం, గ్రీజు తగ్గడం.

"మెడ దగ్గరెక్కడో వైరు లూజయ్యుంటుంది," అన్నాడు, పేపర్లోంచి తల ఎత్తకుండానే. "లేకపోతే నువ్వు సరిగ్గా తినట్లేదు."

తిని చూసింది. మానేసి చూసింది. కళ్ళజోడు మార్చింది. టీ మానేసింది, తలనొప్పి వస్తే మళ్ళీ మొదలెట్టింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంది, కాదని నడవా పక్కకి మారింది. చుక్కలు మాత్రం పదిన్నరకి ఠంచనుగా హాజరు.

భర్తకి చెప్పని మాట ఒకటుంది. ఆమె మేనత్త ఇలాగే "కళ్ళు తిరుగుతున్నాయే" అంటూ తిరిగి తిరిగి, తలలో గడ్డ ఉందని తేలిన ఆరు వారాలకి పోయింది. అప్పటికి ఊదక్కకి పద్నాలుగేళ్ళు. ఇప్పుడు స్కానింగ్ గది తన గదికి నాలుగు తలుపుల అవతలే ఉంది. అటు వెళ్ళే ధైర్యం చాల్లేదు. హాస్పిటల్లో పనిచేసేవాళ్ళంత పిరికివాళ్ళు ఇంకెక్కడా ఉండరు.

అంతటితో పోతే పోనీ అనుకునేదే. పోయిన వారం రిటైరైన హెడ్మాస్టరొకాయన వచ్చారు. మూడోసారి ఊదేసరికి ఆయన కళ్ళు తేలేసి కుర్చీలోంచి పక్కకి జారారు. అలా జారేవాళ్ళని పట్టుకోవడం ఊదక్కకి వెన్నతో పెట్టిన విద్య. పన్నెండేళ్ళలో ఒక్కరినీ కింద పడనివ్వలేదు. కానీ ఆ క్షణాన ఆమెకి ఇద్దరు హెడ్మాస్టర్లు కనిపించారు. పట్టుకోబోయింది లేని హెడ్మాస్టర్ని. ఉన్నాయన నుదురు బల్ల అంచుకి కొట్టుకుంది. మూడు కుట్లు పడ్డాయి.

ఎలా జరిగిందో రాయమని కాగితం ఇచ్చారు. 'పేషెంటు చెప్పిన మాట వినకుండా గబుక్కున లేచారు' అని రాసింది. కింద సంతకం కూడా పెట్టేసింది.

వెళ్ళేముందు ఆయన కట్టు కట్టిన నుదుటితో గది గుమ్మంలోకి వచ్చారు. "నాదే పొరపాటమ్మా. లేవద్దని మీరు చెబుతూనే ఉన్నారట. నేను లేచినట్టు నాకే గుర్తు లేదు. వయసు," అన్నారు.

ఆ మాట ఊదక్క గుండెల్లో ముల్లులా దిగింది. తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు. కళ్ళు తిరిగే మనిషి, కళ్ళు తిరిగేవాళ్ళని ఏం పట్టుకుంటుంది? చివరికి 'ఆరోగ్య కారణాల వల్ల ఉద్యోగం మానుకుంటున్నాను' అని కాగితం మీద రాసింది. పని అయ్యాక ఛాతీ డాక్టరు చేతిలో పెట్టేద్దామని మడిచి కోటు జేబులో వేసుకుని వచ్చింది.

ఆ రోజు ఆఖరి పేషెంటు వడ్రంగి. రంపప్పొట్టుతో ముప్ఫై ఏళ్ళు గడిపి దగ్గు తెచ్చుకున్న మనిషి. వెంట భార్య వచ్చింది.

"ఆయనకి వినపడదండీ," అంది ఆమె. "మీ పెదాలు చూసి గ్రహిస్తారు. తెలియకపోతే నేను చేతులతో చెప్తాను."

వినపడని మనిషి మీద కేకలేసి లాభం లేదు. ఊదక్క ఆయన ఎదురుగా నిలబడి పాఠమంతా పెదాలతో నింపాదిగా చెప్పి, ముక్కుకి క్లిప్పు పెట్టి, చెయ్యెత్తింది. మూడుసార్లు ఊదించింది. గ్రాఫు గీసినట్టు వచ్చింది. ఆ వెంటనే చుక్కలు వచ్చాయి. ఊదక్క బల్ల అంచు పట్టుకుంది.

వడ్రంగి క్లిప్పు తీసేశాడు. మెల్లిగా లేచి, ఆమె మోచెయ్యి పట్టుకుని తన కుర్చీలో కూర్చోబెట్టాడు. తర్వాత భార్య వైపు తిరిగి చేతులు తిప్పడం మొదలుపెట్టాడు.

"ఏమంటున్నారు?" అంది ఊదక్క, సిగ్గుతో చచ్చిపోతూ.

భార్య నీళ్ళు నమిలింది. "ఏమనుకోకండి. మేం ఎనిమిదింటికే వచ్చి ఆ తలుపు అద్దం ఎదురుగా కూర్చున్నాం కదండీ. ఈయనకి వినపడదు, చూడ్డమే పని. పేషెంటు మీరే అనుకున్నారట."

"నేనా?"

"లోపలికి మనుషులు మారుతున్నారు. ఊదేది మాత్రం మీరేనట. మీకేదో పెద్ద జబ్బుంది, అందుకే ఇంతసేపు పరీక్ష చేస్తున్నారు అని జాలిపడ్డారు కూడా."

"నేను ఊదనండీ. ఊదమని చెప్తాను. అంతే."

వడ్రంగి ఆమె పెదాలు చదివి తల అడ్డంగా ఊపాడు. గుండెల నిండా గాలి పీల్చాడు. భుజాలు చెవుల దాకా లేచాయి. బుగ్గలు ఉబ్బాయి, కళ్ళు పెద్దవయ్యాయి. నడుము వంచుతూ, మోకాళ్ళు వంచుతూ, ఒంట్లో గాలి అంతా అయిపోయేదాకా ఊది, ఇంకా ఇంకా అన్నట్టు చెయ్యి ఆడించాడు. ఆ చెయ్యి ఊదక్కది. ఆ వంగడం ఊదక్కది. ఆమె నోరు వెళ్ళబెట్టింది.

"పదమూడు మందట," అంది భార్య, భర్త వేళ్ళు చూస్తూ. "ఒక్కొక్కళ్ళు మూడుసార్లు, కొందరు ఆరుసార్లు. అన్నిసార్లూ మీరూ ఊదారట. వాళ్ళు వెళ్ళి కూర్చున్నారు, మీరు కూర్చోలేదు. ఈ గదిలో కుర్చీ ఒకటేనా అని అడుగుతున్నారు."

ఊదక్కకి వెంటనే నమ్మకం కుదరలేదు. "ఊదండి ఊదండి ఊదండి" అని కూర్చున్నచోటే మెల్లిగా అని చూసుకుంది. మూడో మాటకి ఒంట్లో ఊపిరి అడుగంటింది. పేషెంటు ఊపిరి ఎక్కడిదాకా పోవాలో తనదీ అక్కడిదాకా పోతోంది. పన్నెండేళ్ళుగా ఎవరికీ ఇది కనపడలేదంటే, అందరూ కేకే వింటున్నారు మరి.

వడ్రంగికి ఊపిరి గొట్టాలు తెరుచుకునే మందు పీల్పించి, మళ్ళీ ఊదించే ముందు పావుగంట ఆగాలి. ఆ పావుగంటా ఆయన కుర్చీ తీసుకోనన్నాడు, కిటికీ గట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి తన వేళ్ళు చూసుకుని కంగారుపడ్డాడు. వణుకుతున్నాయి. ఉలి పట్టే వేళ్ళు. ఊదక్క ఆ చేతులు పట్టుకుని, "జబ్బు కాదు, పరీక్ష వల్లే. కాసేపట్లో పోతుంది," అని పెదాలతో చెప్పింది. చెబుతుంటే ఆ మాట మొదటిసారి తన చెవిన కూడా పడింది.

రెండో విడతకి వడ్రంగి తన నోటి మీద వేలు పెట్టి, నువ్వు ఊదకు, చెయ్యి మాత్రం ఎత్తు అన్నట్టు సైగ చేశాడు. ఊదక్క పెదాలు బిగించి, చెయ్యెత్తింది. ఆయన ఊదాడు. మళ్ళీ ఊదాడు. మూడోసారి ఊదాడు. గ్రాఫు ముందుకంటే బాగా వచ్చింది. చుక్కలు రాలేదు.

ఊదక్కకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, దేన్ని ముందు పోనివ్వాలో తెలియలేదు. కళ్ళ ముందు మెదులుతున్న మేనత్త కొంచెం వెనక్కి జరిగింది. అంతలోనే ఆ ఖాళీలోకి హెడ్మాస్టరు వచ్చి నిలబడ్డారు. జబ్బయితే ఆ తప్పు జబ్బు మీదికి తోసేయొచ్చు. జబ్బే లేకపోతే, ఆ అబద్ధం రాసిందెవరు?

తలుపు దగ్గర వడ్రంగి ఆగి భార్యకి ఏదో చెప్పాడు. "రెండు నిమిషాలు కూర్చుంటే పోతుందట. గబుక్కున లేవకూడదట," అంది ఆమె నవ్వుతూ. "పొద్దుట్నించి మీ పెదాల మీద ఆయన చదివింది ఇదేనట."

వాళ్ళు వెళ్ళాక ఊదక్క జేబులోంచి కాగితం తీసి, వెనక వైపు ఇంకేదో రాసింది. ఛాతీ డాక్టరు గదికి వెళ్ళి బల్ల ఇవతల నిలబడి ఇచ్చింది.

డాక్టరు ముందు వైపు చదివాడు. వెనక్కి తిప్పాడు. మళ్ళీ ముందుకి తిప్పాడు.

"నాకేం అర్థం కాలేదమ్మా. ఉద్యోగం మానేస్తున్నారా, కుర్చీ అడుగుతున్నారా?"

"ముందు వైపుది నిన్న రాశాను డాక్టర్ గారూ. వెనక వైపు చదవండి. రెండో లైను కూడా."

"'హెడ్మాస్టరు గారు లేవలేదు. నేను పట్టుకోలేకపోయాను.'" డాక్టరు కళ్ళజోడు తీశాడు. "లేచానని ఆయనే నాతో అన్నారు కదా?"

"నేను రాసింది నమ్మి అన్నారు. రేపు ఫోన్ చేసి నిజం చెప్తాను. రిపోర్టు కూడా మార్చి ఇస్తాను."

"మీ మీద విచారణ రావచ్చు."

"రానివ్వండి."

"మరి కుర్చీ ఎందుకు? ఆ గదిలో ఉందిగా?"

ఊదక్క చెప్పింది. ఊదడం, చుక్కలు, ఇద్దరు హెడ్మాస్టర్లు, మేనత్త, వడ్రంగి, అన్నీ కలిపి ఏది ముందో ఏది వెనకో తెలియకుండా చెప్పింది. డాక్టరుకి ఎంత అర్థమైందో తెలియదు. ఎందుకైనా మంచిది, రేపు రక్తపరీక్షా స్కానూ చేయించుకోమన్నాడు. ఆమె సరేనంది. తర్వాత ఆయన తల ఎత్తి, "కూర్చోండి," అన్నాడు.

ఎవరితో అంటున్నాడో అర్థం కాక, ఊదక్క వెనక్కి తిరిగి చూసింది.