మరియదాసు తెచ్చిన టైరు

కలకత్తా పక్కనున్న సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో సైడ్‌కారు ఉన్న మోటారుసైకిలు యేసురత్నానికి ఒక్కడికే ఉండేది. ఆయన గూడ్సు గార్డు. ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు దగ్గర ఆ బండి కొన్నాడు. యుద్ధానికి ముందు ఇంగ్లండులో తయారైన బండి. సరదాకి కొన్నది కాదు. భార్య రోజమ్మకు తుంటి ఎముక విరిగింది. అతుక్కుంది గానీ బస్సు మెట్టు ఎక్కే శక్తి మళ్ళీ రాలేదు. సైడ్‌కారులోకి మాత్రం ఆయన చెయ్యి పట్టుకుని దిగి కూర్చోగలిగేది. ఆదివారం పొద్దున తలమీదికి కొంగు లాక్కుని, హౌరా వంతెన దాటి చర్చిలో తెలుగు ఆరాధనకు వెళ్ళేది. అక్కడ పాట ఎత్తుకునేది ఆవిడే.

1966 వానాకాలంలో వెనక టైరు పక్కన చీలిక కనబడింది. ఆ టైరుతో భార్యను ఎక్కించుకుని వెళ్ళడానికి యేసురత్నానికి ధైర్యం చాలలేదు. పాత టైరు మీద అరిగిపోగా మిగిలిన అంకెలు తడిమి చూశాడు. 26 × 3.25 అని ఉంది. డ్యూటీ లేనప్పుడల్లా దుకాణాలు తిరిగాడు. ఇరవయ్యారు టైరు అనగానే అందరూ సైకిలు టైరు తెచ్చి చూపించేవారు. మోటారుసైకిలుకని చెబితే, అలాంటి సైజు లేదు దాదా అని తల అడ్డంగా ఊపేవారు.

ఆదివారాలు రోజమ్మ ఇంట్లోనే గడిపింది. ఫిర్యాదు చెయ్యలేదు. ఆరాధన వేళకి కిటికీ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకునేది. అది చూడడం యేసురత్నానికి కష్టంగా ఉండేది.

ఒక సాయంత్రం ఆవిడ తమ్ముడు మరియదాసు లోకల్ రైలు దిగి, భుజానికి టైరు తగిలించుకుని వచ్చాడు. కిదిర్‌పూర్ ఓడరేవు డాకుల్లో క్రేను నడుపుతాడు. తల్లి చిన్నప్పుడే పోతే రోజమ్మే పెంచింది. అతను ఏం తెచ్చినా, దానికి రెండింతలు అతని పిల్లల చేతుల్లో పెట్టి పంపేసేది. ఈసారి అలా తిప్పి పంపడానికి వీల్లేని వస్తువు తెచ్చానన్న సంతోషం అతని మొహంలో కనిపిస్తోంది. గుమ్మంలోంచే అక్కను పిలిచాడు.

"అప్పా, ఇదిగో. మిలట్రీ సరుకు. మొన్నొచ్చినప్పుడు రిమ్ము కొలిసినాను. పంతొమ్మిది అంగుళాలు. ఇదీ పంతొమ్మిదే. ఏటి బావా, అలా సూత్తన్నావు? ఎక్కించీ!"

టైరు మీద 4.00–19 అని ఉంది. పాతదాని పక్కన పెడితే బాగా బొద్దుగా కనబడింది.

"లావుగా లేదేటిరా?" అన్నాడు యేసురత్నం.

"లావుంటే మంచిదే గదా. అప్ప కూకునే బండి. గట్టిగుండాల."

యేసురత్నం లోపలికెళ్ళి పానాలు తెచ్చాడు. ఇద్దరూ కలిసి ఎక్కించారు. రిమ్ము మీద కూర్చుంది. చక్రం చేత్తో తిప్పితే తిరిగింది. టైరుకీ గొలుసుకీ మధ్య సందు మాత్రం కాగితం దూరేంతే ఉంది. యేసురత్నం చూశాడు. మరియదాసు చూడలేదు.

ఆ ఆదివారం రోజమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని సైడ్‌కారులో కూర్చుంది. హౌరా స్టేషను దగ్గర ట్రాముల మధ్య మలుపు తిరుగుతుంటే వెనక బర్రుమని చప్పుడైంది. వంతెన మీదికి వచ్చేసరికి రబ్బరు కాలిన వాసన.

"ఏటండీ ఈ కంపు?"

"ఏదో లారీది."

వంతెన దిగాక మళ్ళీ అదే చప్పుడు. ఆయన బండి పక్కకు ఆపి వంగి చూశాడు. సైడ్‌కారు బరువుకి లావు టైరు పక్కకి ఒరిగినప్పుడల్లా గొలుసు దాన్ని కోస్తోంది. టైరు పక్కవైపు చుట్టూ గాడి పడి, లోపలి నూలు కనబడుతోంది.

"మరియదాసుకి సెప్పండి," అంది రోజమ్మ.

"ఎలా సెప్తాను? అంత ప్రేమగా తెచ్చేడు."

"ఆడు తెచ్చిన టైరు నా పక్కనే పేలితే ఆడు బతుకుతాడేటి?"

మెల్లగా, మలుపుల దగ్గర దాదాపు నడక వేగంతో ఇంటికి తిరిగొచ్చేశారు.

మర్నాడు సాయంత్రం మరియదాసు ఉత్సాహంగా వచ్చి, అప్ప పాట పాడిందా అని అడిగాడు. యేసురత్నం అతన్ని బండి దగ్గరికి తీసుకెళ్ళి, అతని వేలు ఆ గాడిలో పెట్టించాడు. మరియదాసు ఆ గాడి వెంట చుట్టూ వేలు నడిపి చూశాడు.

"ఎక్కించినప్పుడే తెలుసా బావా?"

"అనుమానం ఉంది."

"మరి సెప్పవేటి? నాను పరాయోణ్ణా?"

టీ తాగకుండా వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళు రాలేదు. రోజమ్మ మొగుడి మీద కోపం తెచ్చుకోలేదు, తమ్ముడి మీదా తెచ్చుకోలేదు. అన్నం మాత్రం తక్కువ తింది.

ఒక సెలవురోజు పొద్దున్నే మరియదాసు గుమ్మంలో నిలబడ్డాడు. కోపం పోయిందో లేదో మొహం చూస్తే తెలియలేదు. "పద బావా. పాత టైరు అట్టుకో. భవానీపూర్‌లో ఒక ముసలాయన పాత బళ్ళ సామాన్లు అమ్ముతాడంట," అన్నాడు.

అరిగిన టైరు ఒకరు, కోసుకుపోయిన టైరు ఒకరు పట్టుకుని బస్సులో వెళ్ళారు. దుకాణం ముసలాయన బెంగాలీ. రెండు టైర్లూ నేలమీద పక్కపక్కన పరిచాడు. పాత కాలంలో టైరు మీద బయట అంచు నుంచి అంచుకి అడ్డకొలత వేసేవారట. అదే ఈ ఇరవయ్యారు. ఇప్పుడు లోపల రిమ్ము అడ్డకొలత వేస్తారు. అదే ఆ పంతొమ్మిది. రెండూ ఒకే చక్రానివి. మీ బండికి మార్చకూడనిది వెడల్పు, మూడుంపావు, అన్నాడు. లోపలికి వెళ్ళి, కాగితం చుట్టిన 3.25–19 టైరు తెచ్చి పెట్టాడు.

బావా బావమరుదులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నువ్వు బయట కొలత అట్టుకుని తిరిగేవు, నాను లోపలిది అట్టుకున్నాను," అన్నాడు మరియదాసు. "ఆ రోజే ఇద్దరం కూకుని మాటాడుకుంటే సరిపోయేది గదా!" అని నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"తప్పు నాదేరా. నీ మనసు నొచ్చుకుంటాదని ఊరుకున్నాను," అన్నాడు యేసురత్నం.

కొత్త టైరు మరియదాసే మోశాడు. ఇంత సన్నంగా ఉందేమిటని దారిపొడుగునా గొణుక్కున్నాడు గానీ, ఎక్కించాక గొలుసు పక్కన వేలు పెట్టి చూసి తృప్తిపడ్డాడు. పై ఆదివారం బండి వెనక సీటు మీద అతనే కూర్చున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా వంగి టైరు వంక చూస్తూనే ఉన్నాడు. ఏ చప్పుడూ లేదు.

ఆరాధన అయ్యేసరికి పాడి పాడి రోజమ్మ గొంతు కొంచెం బొంగురుపోయింది. సైడ్‌కారులో సర్దుకుని కూర్చుని, "ఇంటికొద్దండి. కిదిర్‌పూర్ ఎల్దాం," అంది.

"ఇప్పుడా? అక్కడేటుంది?"

"ఆడు పని సేసే సోటు నానెప్పుడూ సూడనేదు."

డాకుల గోడ పక్కన యేసురత్నం బండి ఆపాడు. ఆదివారం కాబట్టి లోపల సందడి లేదు. గోడ పైనుంచి క్రేన్లు మెడలు చాచి నిలబడి ఉన్నాయి. మరియదాసు బండి దిగి, అక్క పక్కన నిలబడి చెయ్యి చాపాడు.

"అదిగో, ఆ చివరిది. అదే నాది."

రోజమ్మ ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "అంత ఎత్తు ఎక్కుతావేటిరా?" అంది.