నడిమి రంధ్రంలో అక్షింత

నేను ఒక ఆయిల్ ఫిల్టర్‌ను. చెంబంత రేకు డబ్బా, లోపల మడతలు మడతలుగా కాగితం, నెత్తిన రంధ్రాలు. అంతే నేను. అంచు చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లోంచి మురికి నూనె లోపలికొస్తుంది. కాగితం వడగడుతుంది. శుభ్రపడ్డ నూనె నడిమి పెద్ద రంధ్రంలోంచి ఇంజనులోకి వెళుతుంది. ఆ నడిమి రంధ్రాన్ని మాత్రం గుర్తుపెట్టుకోండి. ఒక లారీ ప్రాణం, ఒక మనిషి పరువు దాని చుట్టూ తిరిగాయి.

నన్ను యంత్రాలు చేశాయి. చివర్లో ఒకే ఒక మనిషి చెయ్యి నన్ను వెలుతురుకు పట్టి చూసి, మూత బిగించి పెట్టెలో పెట్టింది. చిలకలూరిపేటలో విడిభాగాల కొట్టు అరమీద ఎనిమిది నెలలు పడుకున్నాను. అక్కణ్ణించి కాసిం మేస్త్రీ షెడ్డుకు చేరాను.

కాసిం మేస్త్రీది మంచి హస్తవాసి అని పేటంతా చెప్పుకుంటారు. ఆయన చెయ్యి పడితే చచ్చిన ఇంజను లేచి కూర్చుంటుందట. అయితే ఆయనకొక పట్టుదల ఉంది. ఫిల్టరును ఎండుగానే బిగించాలి. చుక్క నూనె కూడా ముందు పోయకూడదు. పక్క షెడ్లవాళ్ళు నవ్వుతారు. నింపకుండా బిగిస్తే తొలి క్షణాల్లో ఇంజను దాహంతో తిరుగుతుందని వాళ్ళ వాదన. మనుషులు దేవుడి గురించి కూడా అంత గట్టిగా పోట్లాడుకోవడం నేను వినలేదు.

ఆయన పట్టుదల వెనక కథ మూలన పడున్న పాత డబ్బాలు నాకు చెప్పాయి. తొమ్మిదేళ్ళ కిందట దసరానాడు ఒక ఇంజను బాగుచేశారు. కాసిం బావమరిది సైదా ఫిల్టరులో నూనె పోసి బిగించాడు. లారీ నరసరావుపేట చేరకముందే ఇంజను బిగుసుకుని పట్టేసింది. విప్పి చూస్తే నూనె దారిలో బొగ్గుముక్కలాంటిదేదో అడ్డం పడి ఉంది. "చెత్త నూనె పోసి చంపావురా!" అని కాసిం అందరి ముందూ అరిచాడు. "గుడ్డలో వడగట్టి పోశాను బావా" అని సైదా ఎంత చెప్పినా వినలేదు. ఆ రోజే సైదా షెడ్డు వదిలాడు. నరసరావుపేటలో ట్రాక్టర్లు బాగుచేసుకుంటున్నాడు. ఆ పేరు మళ్ళీ ఈ షెడ్డులో వినపడలేదు.

నావంతు వచ్చింది. లారీ తిరుపతమ్మది. ఇంటిల్లిపాదికీ ఆ ఒక్క లారీయే ఆధారం. ఇంజను మొత్తం విప్పి, కొత్త బేరింగులు వేసి కట్టారు. ఇది కూడా పట్టేస్తే మరో ఇంజను కట్టించుకునే ఓపిక ఆమెకు లేదు.

ఆ ఉదయం కాసిం చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. నా మూత తీసి ఉంది. నోరు పైకి పెట్టుకుని బల్లమీద ఉన్నాను. తిరుపతమ్మ కొంగుముడి విప్పింది. కోటప్పకొండ నుంచి తెచ్చిన అక్షింతలు. కళ్ళు మూసుకుని ఇంజను మీద చల్లింది, నామీద చల్లింది. ఒక గింజ టక్కున నా నడిమి రంధ్రంలో పడింది.

అది కాగితం దాటాక ఉండే శుభ్రమైన వైపు. అక్కడ పడ్డదాన్ని నేను ఆపలేను. అరవడానికి నాకు నోరుంది గాని గొంతు లేదు.

కాసిం తిరిగొచ్చి నన్ను చేతిలోకి తీసుకున్నాడు. ఇంజను వైపు వంగాడు.

"అదేంది మేస్త్రీ, ఎండుగానే బిగిస్తావా? మా డ్రైవరు నూనె పొయ్యమని మరీమరీ చెప్పాడు" అంది తిరుపతమ్మ.

"నా షెడ్డులో పొయ్యరమ్మా."

"కొత్త ఇంజను గదా, గొంతు తడపకుండా తిప్పుతావా? పసిబిడ్డకైనా ముందు చుక్క పాలు పడతాం."

"ఆ చుక్కలో నలుసుంటేనో? ఇదుగో, ఈ నడిమి బెజ్జంలో పడిందంటే ఇక కాయితం అడ్డంరాదు. తిన్నగా ఇంజను గుండెకాయలోకే. ఒక్క నలుసు చాలు తల్లీ."

ఆమె విప్పిన కొంగుముడి వైపు చూసుకుంది. "అన్నా... అక్షింత పడితే?"

కాసిం చెయ్యి ఆగిపోయింది. నన్ను తలకిందులు చేసి బల్లమీద తట్టాడు. ఏమీ రాలలేదు. మళ్ళీ తట్టాడు. పసుప్పచ్చని గింజ జారి దొర్లింది.

"తప్పయిపోయింది అన్నా, మంచి జరగాలని..." అంటోంది ఆమె. కాసిం వినడం లేదు. ఆ గింజనే చూస్తున్నాడు. తరవాత తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు.

"ఆ దసరాకి లారీ ఓనరు నాచేతే అక్షింతలు వేయించాడమ్మా" అన్నాడు మెల్లగా. "నీ హస్తవాసి మంచిది సాయిబూ, నువ్వే వెయ్యి అన్నాడు. బల్లనిండా చల్లాను. ఫిల్టరు నోరు తెరుచుకునే ఉంది. కాలితే బియ్యపుగింజ బొగ్గు కాదూ?"

పోయాలా వద్దా అని తొమ్మిదేళ్ళు వాదించిన మనిషి, ఎండుగా బిగించినా ఆ గింజ ఇంజనులోకే పోయేదని అప్పుడు తెలుసుకున్నాడు. ఫోను తీశాడు. నంబరు వెతుక్కోలేదు. వేళ్ళకు గుర్తుంది.

గంటకల్లా సైదా వచ్చి షెడ్డు బయటే నిలబడ్డాడు. కాసిం అరచేతిలో గింజ చూపించి జరిగింది చెప్పాడు. "తప్పు నీది కాదురా. నాది."

సైదా ఆ గింజను వేలితో కదిపి చూశాడు. "నా కూతురికి ఏడేళ్ళు బావా. మేనత్త మొగుడు ఎట్టుంటాడో దానికి తెలీదు."

కాసిం లోపలికి నడిచాడు. నూనె డబ్బా, ఉతికిన గుడ్డ తెచ్చి సైదా చేతికిచ్చాడు. "నువ్వే పొయ్యి."

"పోస్తాలే. నువ్వు మాత్రం అక్షింతలు వెయ్యమాక."

తిరుపతమ్మ కళ్ళు తుడుచుకుంటూ ఫక్కున నవ్వింది.

సైదా లోపలికొచ్చి, ముందు లైటు వేసి నా లోపల చూశాడు. తరవాత అంచు రంధ్రాల్లోకి మాత్రమే, గుడ్డలో వడగట్టి, కొంచెం కొంచెంగా నూనె పోశాడు. నా కాగితం తాగుతూ ఉంటే ఆగాడు, మళ్ళీ పోశాడు. నడిమి రంధ్రంలోకి నూనె లోపలి నుంచే ఊరింది. నన్ను బిగించారు. ఇంజను తిరిగింది. నూనె ఒత్తిడి చూపే ముల్లు లేచి నిలబడేదాకా ముగ్గురూ దానిమీంచి చూపు తిప్పలేదు.

కొన్ని వారాల తరవాత తొలి నూనె మార్పిడికి నన్ను విప్పారు. రంపంతో కోసి, నా కాగితం మడతలు ఎండలో పరిచి, బావా బావమరుదులు తలలు ఆనించి వెతికారు. ఇనుప రజను తళుక్కుమంటే బేరింగులు అరుగుతున్నట్టు. మెరుపు కోసం వెతికే మనుషులుంటారని విన్నాను. మెరుపు కనపడకూడదని వెతికేవాళ్ళను అక్కడే చూశాను. కనపడలేదు.

ఇప్పుడు నేను మూలన పాత డబ్బాల మధ్య ఉన్నాను. సైదా మళ్ళీ ఈ షెడ్డులోనే పనిచేస్తున్నాడు. కొత్త ఫిల్టరు పెట్టె విప్పగానే కాసిం మేస్త్రీ దాన్ని తలకిందులు చేసి బల్లమీద రెండుసార్లు తడతాడు. ఏమీ రాలదు. అయినా తడతాడు. ఆ కాసేపూ, బావను సిగ్గుపెట్టకూడదని, సైదా అటు తిరిగి నిలబడతాడు.