కొండ పిట్టా? మైదానం పిట్టా?

ఆ పొద్దున నాకు కాలు ఒకచోట నిలవలేదు. పక్షుల సంరక్షణ కేంద్రంలో గదులు కడిగి మేత పెట్టేది నేను. డాక్టరు మా వదిన. ఇంట్లో నా నోరు లేస్తుంది, ఇక్కడ ఆవిడ మాటే చెల్లుతుంది.

కొండ పిట్ట, మైదానం పిట్ట, రెండూ అంతరించిపోతున్న జాతులే. చూపులకు తోబుట్టువులు: అదే బూడిద వీపు, అదే పసుపు రొమ్ము. పాటలే వేరు. మా దగ్గర కొండ జాతి ఆడపిట్ట ఒక్కటే మిగిలింది. పుల్లలు ఏరుతోంది, గూళ్ల కాలమేమో దాటిపోతోంది. పక్క గదిలో, పిట్టల వ్యాపారి దగ్గర పట్టుకున్న మగపిట్ట ఉంది. రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగితే ఈ ఏడు గుడ్లుండవు. జాతి తెలియకుండా జత కలపనని వదిన పట్టు.

నిన్న అది నోరు విప్పింది. అచ్చంగా మైదానం పిట్ట పాట.

"తేలిపోయిందిగా. ఇవాళ బండి వస్తోంది, మైదానానికి పంపేద్దాం" అంది వదిన.

"వ్యాపారి దగ్గరున్నవన్నీ మైదానం పిట్టలే కదా వదినా! వాటి దగ్గరే నేర్చుకుందేమో!"

"ఏమో అంటే కుదరదు."

నాకు ఒళ్లు మండింది. "నువ్వు మాత్రం? మా ఇంటికొచ్చాక అచ్చం మా అమ్మ యాసలోనే మాట్లాడతావు. చెయ్యి కాలితే మాత్రం నీ పుట్టింటి యాసలోనే కేక!"

వదిన నవ్వి, ఠక్కున ఆగింది. "బెదురు కూత! అది నేర్చుకునేది కాదే, పుట్టుకతో వచ్చేది. కొండ పిట్టయితే టక్ టక్ మంటుంది, మైదానందైతే ఈల వేస్తుంది."

మేత డబ్బా మూత నేలకేసి కొట్టాను. ఒక్క క్షణం ఏమీ వినబడలేదు. మగపిట్ట ఉలిక్కిపడి ఎగిరింది.

టక్ టక్.

బయట బండి హారన్ మోగింది. వదిన దాన్ని వెనక్కి పంపేసి, రెండు గదుల మధ్య తలుపు తీసింది.

మగపిట్ట ఎదురుగా వాలి, రొమ్ము పొంగించి పాడింది. మైదానం పాటే. పాపం, వాడికి వచ్చింది అదొక్కటే. ఆడపిట్ట ముక్కున ఉన్న పుల్ల వదిలేసి అటు తిరిగి కూర్చుంది. నా ప్రాణం ఉసూరుమంది.

వదిన కింద పడున్న మూత తీసి తనే విసిరింది. టక్ టక్ మంటూ రెండూ ఎగిరి ఒకే మూలకు చేరాయి, రెక్కకు రెక్క ఆనించుకుని.

కాసేపటికి వాడు మళ్ళీ గొంతు సవరించుకున్నాడు.

"పాడకురా నాయనా, పాడకు" అని గొణిగింది వదిన.

వాడు పాడలేదు. ఆడపిట్ట కిందికి దిగి, వదిలేసిన పుల్లను మళ్ళీ ముక్కున కరుచుకుంది.