పొయ్యి పక్కకీ, కిటికీ కిందికీ

జాడీలో క్యాబేజీ ముక్కలు పులిసేదాకా నా దగ్గరే ఉంటానని మా కోడలు దర్జీకి చెప్పింది.

కోడలు ఒక హోటల్ లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. దర్జీ అక్కడే చిరిగిన దుప్పట్లు కుడతాడు. మా అబ్బాయి పోయాక ఆ పిల్ల పుట్టింటికి వెళ్ళకుండా నన్ను అంటిపెట్టుకుని ఉండిపోయింది. మళ్ళీ పెళ్ళి చేసుకోమని మొదట అన్నది నేనే. అనడానికైతే అన్నాను గానీ, ఆ మాట నోరు దాటినప్పటినుంచీ ఎవరు మెట్లెక్కినా గుండెలో రాయి పడుతోంది.

దర్జీకి రేవు పట్టణంలో సొంతంగా కొట్టు దొరికింది. ఆదివారం బయల్దేరి వెళ్ళి తాళాలు తీసుకోవాలి. మా వంటింటి గుమ్మంలో నిలబడి, రెండుసార్లు దగ్గి, ఆ సంగతి చెప్పాడు. అతను మాటకి ముందు దగ్గుతాడు.

"ఆదివారం ఇద్దరం కలిసి వెళ్తే సోమవారం అక్కడే రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి సంతకాలు పెట్టేసుకోవచ్చండీ" అన్నాడు నాతో.

"ముక్కలు పులవకపోతే నేను తర్వాత వస్తాను" అంది కోడలు.

తర్వాత అనే మాటంటే నాకు హడలు. మా ఆయన తర్వాత మాట్లాడుకుందామని డ్యూటీకి వెళ్ళాడు. అబ్బాయి తర్వాత తింటానని కంచం మీద మూత పెట్టి వెళ్ళాడు. ఈ పిల్ల ఇప్పుడు వెళ్ళకపోతే ఇక వెళ్ళదు. నా మందులు, నా మోకాళ్ళు, నా భయాలు చూసుకుంటూ ఆ ఇస్త్రీపెట్టె ముందే తల నెరిసిపోతుంది. అలా జరగాలని నాలో ఒక మూల కోరిక ఉంది. అందుకే ఇంకా భయం.

నా వేళ్ళ కణుపులు వాచి క్యాబేజీ పిసకడం చేతకావడం లేదు. అందుకని కోడలే చలికాలానికి సరిపడా ముక్కలు ఉప్పులో ఊరేసి, పులిశాక సీసాల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టి మరీ వెళ్తానంది. క్యాబేజీ సన్నగా తరిగింది, ముల్లంగీ క్యారెట్టూ చక్రాలు కోసింది. బేసిన్‌లో వేసి నన్ను ఉప్పు చల్లమంది.

"నా చెయ్యి వణుకుతుందే. ఎక్కువ పడుతుంది."

"పడనివ్వండి అత్తయ్యా. ఉప్పెక్కువైతే నిదానంగా పులుస్తాయి."

"నిదానం ఎవరికి కావాలి? అక్కడ మీ దర్జీ సూది పోగొట్టుకున్నవాడిలా తిరుగుతున్నాడు."

"తిరగనివ్వండి. బొజ్జ తగ్గుతుంది."

నవ్వుతూనే రెండు చేతులా పిసికింది. కాసేపటికి క్యాబేజీలోంచి నీరు ఊరింది. జాడీలోకి కూరి, పైన ఒక పెద్ద ఆకు కప్పి, కడిగిన రాయి బరువు పెట్టింది. ముక్క నీళ్ళలో మునిగి ఉన్నంతకాలం పాడవదు, తేలితేనే బూజు పడుతుంది. ఇది నేనే ఆ పిల్లకి నేర్పాను. జాడీని వంటింటి కిటికీ కింద చల్లటి బండమీద పెట్టింది.

మర్నాడు ఆమె పనికి వెళ్ళగానే నేను జాడీని బండమీద ఈడ్చుకుంటూ పొయ్యి పక్కకు తెచ్చాను. వెచ్చగా ఉంటే తొందరగా పులుస్తాయని. సాయంత్రం మందుబిళ్ళ వేసుకుని మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్తే, జాడీ మళ్ళీ కిటికీ కింద ఉంది. ఆ మర్నాడు మళ్ళీ జరిపాను. సాయంత్రానికి మళ్ళీ వెనక్కి వెళ్ళింది. అలా ఆ జాడీ మా ఇద్దరి మధ్యా తిరుగుతూనే ఉంది. రోజూ పొద్దున్నే కోడలు మూత వదులు చేసి గాలి బయటికి పంపేది. బుస్సుమనేది.

"దీనికి మీకంటే కోపం ఎక్కువ అత్తయ్యా" అనేది.

పైవాటాలో ఒకావిడ ఉంది. ఆమె చెవిన పడింది వీధి చివరిదాకా వెళ్ళాల్సిందే కాబట్టి అందరం రేడియో అంటాం. ఒకరోజు పంచదారకని వచ్చి, నేను జాడీ ఈడుస్తుంటే చూసింది.

"ఏం వదినా, కోడల్ని తరిమెయ్యడానికి జాడీని కూడా కాగబెడుతున్నావా?"

"నీకెందుకమ్మా?"

"నాకెందుకూ, ఊరికే. రేపు నీకు జ్వరమొస్తే గ్లాసుడు నీళ్ళు ఎవరిస్తారో అని."

"నువ్విస్తావులే. ఇచ్చి నలుగురికీ చెబుతావు."

ఆమె నవ్వి పంచదార పట్టుకుపోయింది. నాకు మాత్రం ఆ గ్లాసుడు నీళ్ళ మాట రోజంతా ముల్లులా గుచ్చుకుంది. గ్యాసు కట్టేశానో లేదో మాటిమాటికీ వెళ్ళి చూసుకున్నాను.

శనివారం కోడలు మూత సంగతి చూడకుండానే లాండ్రీలో చివరి జీతం తీసుకోవడానికి వెళ్ళింది. ఉండబట్టలేక మూత తీశాను. బుస్సుమనలేదు. నీటిమీద తెల్లటి పొర కట్టింది. రాయి తీస్తే, కింద ఆకు జిగురుగా వేళ్ళకి అంటుకుంది. క్యాబేజీ ఉడికినట్టు మెత్తబడిపోయింది. పుల్లటి వాసన రావాల్సిన చోట తడిసిన గుడ్డ వాసన వస్తోంది. వేడికి పాడైపోయింది. నేనే పాడు చేశాను.

పీట వాల్చుకుని కూర్చున్నాను. పాడైందని ఒక్క మాట చెబితే చాలు. అయ్యో, ఇంకో జాడీ పెడదాం అత్తయ్యా అంటుంది. దర్జీ ఒక్కడూ వెళ్తాడు. రేపు రాత్రి కూడా పక్కగదిలో ఆ పిల్ల అలికిడి వినిపిస్తుంది. నేనడగనక్కర్లేదు, బతిమాలనక్కర్లేదు. జాడీయే నా తరఫున బతిమాలుతుంది. నాకు ఎంత ఆశ పుట్టిందంటే, మూత మళ్ళీ పెట్టెయ్యబోయాను.

పొర తీసేశాను. పైన జిగురు కట్టిన వరస తీసి చెత్తబుట్టలో వేసి, మీద కాగితం కప్పాను. కోడలు వచ్చి చెప్పులు విప్పుతూనే అడిగింది.

"మూత తీశారా? ఎలా ఉన్నాయి?"

"పులిశాయి" అన్నాను. గరిటెతో ఒక ముక్క తీసి ఆమె ముందే నోట్లో పెట్టుకున్నాను. నాలుక మీద బురదలా జారింది. మింగాను. "బాగా పులిశాయి."

ఆమె కూడా ఒక ముక్క తీసుకుంది. నమిలింది. నమలడానికేముంది అందులో, అయినా చాలాసేపు నమిలింది. నాకంటే మంచి నాలుక ఆ పిల్లది. నా మొహంలోకి చూసింది. నేను గరిటె కడుగుతున్నట్టు అటు తిరిగాను.

"ఉప్పు సరిపోయింది" అంది చివరికి.

ఇద్దరం కూర్చుని సీసాలు నింపాం. ఆమె ముక్కలు పెడుతుంటే నేను నీళ్ళు పోశాను. మధ్యలో ఒకసారి మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. చేతులకి ఉప్పుందిగా అంది, నేను అడగకపోయినా.

ఆదివారం మధ్యాహ్నం దర్జీ భోజనానికి వచ్చాడు. వద్దంటున్నా వినకుండా సీసాలోంచి రెండు ముక్కలు వేసుకున్నాడు. దగ్గాడు.

"కొంచెం మెత్తగా ఉన్నాయి కదండీ?"

"మా ఇంట్లో ఇలాగే చేస్తాం" అంది కోడలు. "ఇష్టం లేకపోతే పక్కన పెట్టండి."

"అబ్బే, ఇష్టమేనండీ" అని పాపం రెండూ తిన్నాడు. మంచివాడు. ఆ ముక్కలు తిన్నందుకైనా ఆ పిల్లని బాగా చూసుకుంటాడనిపించింది.

బయల్దేరేటప్పుడు ఆమె నా రెండు చేతులూ పట్టుకుని, వాచిన కణుపులు ఒక్కొక్కటే నిమిరింది.

"సీసాలు అయిపోగానే చెప్పండి అత్తయ్యా. వచ్చి మళ్ళీ పెడతాను."

"చలికాలమంతా వస్తాయే. నువ్వు ముందు నీ ఇల్లు సర్దుకో."

"మందులు…"

"వేసుకుంటాను. బస్సు పోతుంది, వెళ్ళు."

మెట్లమీద ఆమె వెనక్కి తిరిగింది. నేను వెళ్ళు వెళ్ళు అన్నట్టు చెయ్యి ఊపాను. మునుపు ఇద్దరిని పంపించినప్పుడు వాళ్ళు తిరిగి రారని నాకు తెలియదు. ఈసారి తెలిసే పంపించాను. తెలిసి పంపడం తేలికని ఎవరైనా అంటే నమ్మకండి.

సోమవారం సీసాలన్నీ సింకులో ఒంపేశాను. వాసన పోవడానికి బకెట్టెడు నీళ్ళు పొయ్యాల్సి వచ్చింది. సీసాలు కడిగి బోర్లించాను. సాయంత్రం ఫోను మోగింది.

"తిన్నారా అత్తయ్యా?"

"ఇప్పుడే తిన్నాను."

"దేంతో?"

"ఇంకేముంది, నువ్వు పెట్టిన ముక్కలతోనే."

అటువైపు కుట్టుమిషను చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది. కొత్త మిషను కాబోలు, ఇంకా పట్టుబడలేదు.

"ఎన్ని సీసాలున్నాయి ఇంకా?"

"బోలెడున్నాయి" అన్నాను. "నువ్వేం తొందరపడకు."