బాప్తిస్మం పుస్తకంలో తేదీ

వేటపాలెం చర్చిలో గంట కొట్టేది, బాప్తిస్మం పుస్తకం చూసుకునేది నేనే. ఆ పుస్తకం తీయమని నా కూతురు మహిమ అడిగేసరికి ఒళ్లు మండింది.

బెంగళూరులోని ఒక ఫుట్‌బాల్ క్లబ్ వాళ్లు పదిహేడేళ్ల లోపు ఆడపిల్లల జట్టుకి దాన్ని ఎంచుకున్నారు. జీతం ఇస్తారు, హాస్టల్లో ఉంచుతారు. స్కూలు సర్టిఫికెట్‌లో దాని వయసు పదహారు. అసలు వయసు పద్దెనిమిది. ఏడేళ్లకి ఆలస్యంగా బళ్లో వేస్తే, పిల్ల సన్నగా ఉందని టీచరు ఐదేళ్లని రాసుకుంది. నేను ఊరుకున్నాను.

“వాళ్లకి సర్టిఫికెట్ చాలంట కదా. నువ్వెందుకే తవ్వుతావు?” అన్నాను.

“ఆ జట్టులో ఒక చోటు నాకంటే చిన్నపిల్లది నాన్నా.”

“నీ ఆట చూసి తీసుకున్నారు, తేదీ చూసి కాదు.”

మహిమ బీరువాలోంచి పుస్తకం తీసి, తన పేరున్న పేజీ తెరిచింది. పేరు పక్కన వాళ్లమ్మ అంకమ్మ వంకర సంతకం. ఆ సంతకం పెట్టిన నాలుగు నెలలకే అంకమ్మ జ్వరంతో పోయింది.

“స్కూల్లో రాసిన పుట్టిన తేదీకి అమ్మ పోయి ఏడాది దాటింది,” అంది మహిమ. “అదే నిజమైతే, అమ్మ నన్ను ఎత్తుకోనే లేదు నాన్నా.”

క్లబ్ వాళ్లకి పంపడానికి అసలు తేదీతో బాప్తిస్మం సర్టిఫికెట్ నేనే రాసి, పాస్టరుగారి సంతకానికి పెట్టాను. పుట్టిన తేదీ పుస్తకం చూడకుండానే రాశాను. తల్లి పేరు మాత్రం అంకమ్మ సంతకం ముందు పెట్టుకుని, ఒక్కో అక్షరం చూసి రాశాను.