నిందకు అవతల

భూలక్ష్మి పెద్దకర్మ భోజనాలకు విస్తళ్ళు వేశారు. గంగాధరరావు వడ్డన మొదలుపెట్టనివ్వలేదు. నాలుగు మడతల కాయితం పట్టుకుని బాపిరాజు విస్తరి ముందు నిలబడ్డాడు.

అది గంగాధరరావు భార్య భూలక్ష్మి తొంభై ఎనిమిదిలో మస్కట్ నుంచి తెచ్చుకున్న కాయితం. ఆరేళ్ళు వండిపెట్టిన ఇంటి యజమానురాలు రాసిచ్చింది. తాలూకాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన బాపిరాజే ఆ రోజు అరుగు మీద, పదిమందిలో, దాన్ని చదివాడు. హర్ కాండక్ట్ ఈజ్ బియాండ్ రిప్రోచ్. కాండక్టంటే నడత. రిప్రోచంటే నింద. బియాండంటే మించి.

"నిందక్కూడా మించిపోయిన నడతంటోయ్ గంగాధరం," అని కళ్ళజోడు తీసేశాడు.

భూలక్ష్మి కాదని ఒట్టేసింది. ఆమెకూ ఇంగ్లీషు రాదు. మర్నాటి నుంచి ఆమె కంచం వసారాలోకి మారింది. నాలుగేళ్ళు, కామెర్లతో పోయేదాకా, అక్కడే తింది.

మొన్న పరామర్శకొచ్చిన ఇంగ్లీషు మాస్టారు దానం ఆ కాయితం చూసి తలెత్తాడు. "ఇందులో తప్పేముందండీ? వేలెత్తి చూపడానికి లేని మనిషని రాసేరు. నింద ఆవిడ దాకా చేరదని."

ఇప్పుడు ఆ దానం కూడా పంక్తిలో ఉన్నాడు.

"చదవండి రాజుగారూ," అన్నాడు గంగాధరరావు. "ఆ రోజు విన్నోళ్ళంతా ఇక్కడే ఉన్నారు."

"ముందు భోజనాలు కానియ్యవోయ్."

"మీరు చదివేకే మెతుకు పడుద్దండి."

బాపిరాజు దానం వైపు ఓసారి చూసి కళ్ళజోడు పెట్టుకున్నాడు. చదివాడు. అర్థం దగ్గర గొంతు దిగిపోయింది.

"గట్టిగా అండి."

"నింద అంటని మనిషని." కాయితం మడిచి తిరిగిచ్చాడు. "తప్పు చదివేను, ఒప్పుకుంటాను. కానీ నేను చదివింది ఒక్కసారేనోయ్. కంచం బయట పెట్టమని ఇందులో లేదు."

గంగాధరరావు కాయితం అందుకున్నాడు.

పప్పు గిన్నెతో గుమ్మంలో నిలబడ్డ కనకమ్మ, భూలక్ష్మి అక్క, అప్పుడు నోరు విప్పింది.

"మీకు ఇంగ్లీషు రాదు, సరేనండి మరిదిగారూ. మా చెల్లి కూడా తెలీలేదా?"

జవాబు కోసం ఆగలేదు. వసారాలోకి వెళ్ళి, గోడవార బోర్లించి ఉన్న కంచాన్ని వెల్లకిలా తిప్పి, నేలమీద పెట్టింది.

"మీకు ఇక్కడ."

గంగాధరరావు వెళ్ళి కూర్చున్నాడు.