ఖాళీ బండి తూకం

అక్క కాలు పోతుందేమోనని నా భయం. గ్యాసు కట్టేశానా లేదా, పాప పాలు సరిగ్గా తాగిందా లేదా అనేవి నాకు రోజూ ఉండే చిల్లర భయాలు. ఇది అలాంటిది కాదు.

అక్క వేరే ఊళ్ళో ఒక్కతే ఉంటూ అచ్చాఫీసులో పుస్తకాలు మడతపెట్టి కుట్టే పని చేస్తుంది. పై అరలో కట్ట అందుకోబోయి స్టూలు మీంచి పడింది. మోకాలి కింద ఎముక విరిగిందని సిమెంటు కట్టు వేసి పంపేశారు. సోమవారం పొద్దున ఫోను చేసింది. "చిన్నీ, కట్టు బాగా బిగిసిపోయిందే. వేళ్ళు నీలంగా అవుతున్నాయి, గిల్లినా తెలియట్లేదు. నువ్వొకసారి రాగలవా?" అంది. అక్క ఎవర్నీ ఏదీ అడిగే మనిషి కాదు. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. ఎనిమిదో తరగతిలో నేను బడి మానేస్తానంటే తను మూడు రోజులు అన్నం మానేసింది. అలాంటిది రమ్మని అడిగిందంటే ఎంత నొప్పిగా ఉందో నాకు తెలుసు. ఆ సాయంత్రం నుంచి తన ఫోను మోగడం మానేసింది.

తప్పంతా నా నోటిదే. బట్టల సంచీ సర్దుకుని, పాపని చంకనేసుకుని, నోరు మూసుకుని రైలెక్కాల్సింది. అలా కాకుండా భోజనాల దగ్గర నిలబడి, రైలు చవకా, కారు చవకా అని అడిగాను.

మా ఇంట్లో అడగకూడని ప్రశ్న అదొక్కటే. మా మామగారు ముప్పై ఏళ్ళు రైల్వే గేటు కాపలా కాసి రిటైరయ్యారు. ఆయన దృష్టిలో కారంటే గేటు దగ్గర ఆగి హారను కొట్టే వస్తువు. మా ఆయన నిరుడే ఒక పాత కారు కొన్నారు. దానికి పెట్టే ముద్దుపేర్లు పాపకి కూడా పెట్టలేదు. ఒకరు ఎడ్డెమంటే ఇంకొకరు తెడ్డెం. ఇద్దరూ ముద్ద చేతిలో పట్టుకుని గంటసేపు వాదించుకున్నారు. చివరికి మా ఆయన, నోటి లెక్కలెందుకు, తూచి చూద్దామన్నారు.

ఆయన లారీలు తూచే వేబ్రిడ్జిలో పని చేస్తారు. అక్కడ ముందు ఖాళీ లారీని తూస్తారు, తర్వాత సరుకు నింపి తూస్తారు, మొదటిది తీసేస్తే మిగిలేది సరుకు. పన్నెండేళ్ళ నుంచి ఇదే పని కదా, బుర్ర కూడా అలాగే తయారైంది. ఇంటికి చుట్టాలొచ్చినా ఖాళీ సంచీతో వచ్చారా, నిండు సంచీతో వచ్చారా అని చూస్తారు. ముందు ఖాళీ ప్రయాణం చెయ్యాలి, ఆ తర్వాతే మనుషుల్ని ఎక్కించాలి అని తేల్చారు. మామగారు కూడా దానికి తలూపారు. వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడటం పెళ్ళయ్యాక అదే మొదటిసారి చూడటం.

మంగళవారం పొద్దున మా ఆయన ఖాళీ కారులో అక్క ఊరికి వెళ్ళారు. మామగారు ఖాళీ చేతులతో రైల్లో వెళ్ళారు. కారుకి గంటన్నర, రైలుకి రెండు గంటలు. మధ్యాహ్నానికి ఇద్దరూ వచ్చేశారు. గుమ్మంలోనే ఎదురెళ్ళి, అక్క ఎలా ఉందని అడిగాను.

"వీధి చివరి దాకా వెళ్ళి తిప్పుకొచ్చాను," అన్నారు మా ఆయన. "పైకి వెళ్తే కాఫీ ఇస్తుంది. కాఫీ తాగితే అది ఖాళీ బండెలా అవుతుంది?"

మామగారిని అడిగాను. ఆయన పాపం నెమ్మదిగానే చెప్పారు. "నేను వెళ్ళింది టికెట్టు కోసమమ్మా, చూపుల కోసం కాదు." వీధిలోంచి చూస్తే మీ అక్క కిటికీ బయట గులాబీరంగు తువ్వాలు ఆరేసి ఉందని మాత్రం చెప్పారు.

తువ్వాలు ఆరేసిందంటే లేచి తిరుగుతోందన్నమాట అనుకుని ఆ పూటకి ఊపిరి పీల్చుకున్నాను.

బుధవారం సరుకు తూకం. నేనూ పాపా వెళ్తాం కాబట్టి మా బరువు కావాలన్నారు. ఇద్దరినీ వేబ్రిడ్జికి తీసుకెళ్ళి లారీలెక్కే ఇనప పలక మీద నిలబెట్టారు. అది ఇరవై కిలోల చొప్పున తూస్తుంది. నాకు అరవై అని వచ్చింది. పాపని ఒక్కదాన్నే దుప్పటి మీద పడుకోబెట్టి తూస్తే సున్నా వచ్చింది. రసీదు కూడా ఇచ్చారు, సరుకు: సున్నా అని. పాప ఆ రసీదు నోట్లో పెట్టుకుంది. వెనకాల లారీ డ్రైవరు హారను కొట్టి, అక్కా, దించండి, నా కంకర ఆగిపోయిందన్నాడు.

సరే తూకమైంది కదా, బయల్దేరదామా అన్నాను. మా ఆయన నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూశారు. అసలు ప్రయాణం చెయ్యాల్సింది నువ్వే, నిన్నే పరీక్షకి వాడేస్తే అసలు ప్రయాణానికి ఎవరు మిగుల్తారు అన్నారు. అరవై కిలోల ఇసుక మూట తెప్పించి, ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టారు. నాకెప్పుడూ ముందు సీటు ఇవ్వలేదు. పాపకి బదులు ఏమీ పెట్టలేదు, రసీదు ప్రకారం.

మామగారు అలాంటిదే ఇంకో మూట రైలెక్కించారు. టికెట్టు తనిఖీ ఆయన ఇది సామానా, మనిషా అని అడిగితే, మా కోడలండీ అన్నారట.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన ఒక విడ్డూరం చెప్పారు. మీ అక్క గదిలో పట్టపగలు లైటు వెలుగుతోంది, నిన్న కూడా వెలిగింది, కరెంటంటే లెక్క లేదు ఆవిడకి అని. తువ్వాలు గురించి అడిగాను. అదే తువ్వాలు, అదే మడత, అన్నారు మామగారు.

లైటు తీసెయ్యడానికి లేవలేని మనిషి తువ్వాలు ఎలా తీస్తుంది? ఆ మాట చెప్పాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, తువ్వాలు ఏ ఖాతాలోకీ రాదన్నారు.

గురువారం కొండని తవ్వి ఎలుకని పట్టారు. మామగారికి రైల్వే పాసుంది, ఇన్నాళ్ళూ ఆయన ప్రయాణం సున్నాకే అయిందని బయటపడింది. కాబట్టి రైలు తూకం చెల్లదు, మళ్ళీ మొదట్నుంచి. అదే రోజు కారు టైరు పంక్చరైంది. అది కారు ఖర్చు అని మామగారు, మేకు పడి ఉన్నది రైల్వే గేటు దగ్గర కాబట్టి రైలు ఖర్చు అని మా ఆయన. ఇన్ని పరీక్షల ఖర్చూ ఎవరు భరించాలంటే, దానికీ ఉపాయం దొరికింది. మొత్తాన్ని ఎన్నిసార్లు వెళ్తే అన్నిటికి పంచుతారట. అంటే ఎన్నిసార్లు ఎక్కువ వెళ్తే ఒక్కో ప్రయాణం అంత చవక. ఇంకో ఇరవైసార్లు వెళ్తే నన్ను దాదాపు ఉచితంగా తీసుకెళ్ళొచ్చని మా ఆయన ఎంతో ప్రేమగా చెప్పారు.

ఈరోజు శుక్రవారం. పొద్దున ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు కారులోంచి మూటని ఈడ్చి పడేసి, పాపని ఒళ్ళో పెట్టుకుని ఆ సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. ఆయన వచ్చారు, చూశారు, అరవయ్యే కదా అనుకుని బండి తీశారు.

గంటన్నరలో అక్క వీధి వచ్చింది. రెండో అంతస్తు కిటికీలో లైటు వెలుగుతోంది. గులాబీరంగు తువ్వాలు ఎండకి వెలిసి తెల్లబడింది. ఆపండి అన్నాను. ఆయన ఆపలేదు.

"రైలు మీ అక్క వీధిలో ఆగుతుందా? కారొక్కటే ఆగితే పోలిక న్యాయంగా ఉంటుందా?"

"నేను మూటని కానండీ," అన్నాను.

"ఈ ట్రిప్పుకి అంతే," అన్నారు. కోపంగా కాదు, లారీ డ్రైవర్లకి రసీదిచ్చేటప్పుడు మాట్లాడేంత మర్యాదగా. వీధి చివర బండి తిప్పారు. తిరిగొచ్చేటప్పుడు నేను కిటికీలోంచి తల బయటపెట్టి అక్కా అని అరిచాను. పాప కూడా ఏడ్చింది. కిటికీ తెర కదిలినట్టే ఉంది. గాలికేమో, తెలియదు.

ఇప్పుడు వాళ్ళిద్దరూ మళ్ళీ వెళ్ళారు. డబ్బులన్నీ ప్రయాణాల డబ్బాలో వేసుకుని పట్టుకెళ్ళారు, ఇంట్లో బస్సు చార్జీకి కూడా లేదు. తూకం రసీదుల వెనక ఇది రాస్తున్నాను. పక్కింటావిడ పత్రికాఫీసులో ఇస్తానంది. అక్కడ అచ్చయితే, అచ్చాఫీసుల వాళ్ళెవరైనా అక్కని గుర్తుపట్టకపోతారా అని ఆశ.

మీరు అక్క ఊళ్ళో రైలు దిగితే ఎడమచేతి వైపు రండి. మూడో వీధిలో తాళాలు బాగుచేసే దుకాణం ఉంటుంది. దాని పైన రెండో అంతస్తు, వెలిసిన తువ్వాలున్న కిటికీ. తలుపు కొట్టి కాస్త ఆగండి, తను లేచేసరికి ఆలస్యమవుతుంది. ఎంతకీ తియ్యకపోతే కింద దుకాణం ఆయన్ని పిలవండి, ఆయన తియ్యగలడు. కట్టు బయట కనిపించే వేళ్ళు చూడండి. గోరు నొక్కి వదిలితే ఎరుపు తిరిగి రావాలి. రాకపోతే ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. చిన్ని పంపింది అని చెప్పండి. మీరు ఎలా వెళ్ళారో, ఎంతైందో మాత్రం మా ఇంట్లో వాళ్ళకి చెప్పొద్దు. కానీ ఒక్కసారి వెళ్ళి మా అక్కని చూడండి.